ప్లగ్‌లోనే టమాటా కాస్తుందా అంటే, ముందు ఆ వల కోసి పారెయ్యండి అంటాను

ప్రశ్న ఇది: "ఇంట్లోనే, ఎల్ఈడీ లైటు కింద, నీళ్ళు పోస్తే ఉబ్బే చిన్న ప్లగ్స్‌లో, అంటే వల చుట్టిన పొట్టు బిళ్ళల్లో, మైక్రో టామ్ టమాటా విత్తనాలు వేశాను. మొక్క ఎలాగూ జానెడే కదా, కుండీలోకి మార్చకుండా ప్లగ్‌లోనే ఉంచేస్తే కాయదా? ఎండ తగలకపోతే అసలు పూత వస్తుందా?"

రెండోదానికి ముందు చెప్తాను, అది తేలిక కాబట్టి. పూత వస్తుంది. పగలు ఎన్ని గంటలు, రాత్రి ఎన్ని గంటలు అని లెక్క చూసుకుని పూసే రకం కాదు టమాటా. కొన్ని మొక్కలకి ఆ లెక్క ఉంటుందని 1920లో గార్నర్, అలార్డ్ అనే ఇద్దరు అమెరికన్ శాస్త్రవేత్తలు చూపించారు, ఎండాకాలమంతా ఆకులే వేసుకుంటూ పెరిగిపోయే ఒక పొగాకు రకాన్ని రోజూ కొన్ని గంటలు ఎక్కువ చీకట్లో ఉంచితే అది పూసింది. టమాటాకి ఆ గోల లేదు, వయసొస్తే పూస్తుంది. మైక్రో టామ్ అయితే మరీను, అన్నీ కుదిరితే విత్తనం వేసిన మూడు నెలల్లోపే పండు కోసుకోవచ్చు. 1989లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయం వాళ్ళు ఇంట్లో అందానికి పెట్టుకోడానికని వదిలిన రకం ఇది, తర్వాత ఇంత చిన్నగా ఉండి ఇంత తొందరగా కాస్తోందే అని ప్రయోగశాలల వాళ్ళు ఎగరేసుకుపోయారు.

ఇక మొదటి ప్రశ్న. కాయదు. కాయదనే అనుకోండి ప్రస్తుతానికి, దీని దగ్గరికి చివర్లో మళ్ళీ వస్తాను. ప్లగ్ పురిటి మంచం, కాపురం చేసే ఇల్లు కాదు. ఉబ్బాక నాలుగు సెంటీమీటర్ల వెడల్పు, నాలుగు సెంటీమీటర్ల ఎత్తు అనుకుంటే లోపల ఉన్న చోటంతా కలిపి 50 మిల్లీలీటర్లు. దగ్గుమందు సీసాలో సగం. పైన మొక్క పొట్టిదే, వేళ్ళకి ఆ సంగతి తెలియదు.

కానీ నేను రాయాలనుకున్నది చోటు గురించి కాదు. ఆ ప్లగ్ చుట్టూ సన్నటి తెల్ల వల ఉంటుందే, దాని గురించి. దాన్నెవరూ పట్టించుకోరు. నేనూ పట్టించుకోలేదు.

ఈ ప్లగ్స్ కొబ్బరిపొట్టుతోనో, పీట్‌తోనో (బురదనేలల్లో నాచు కుళ్ళి పేరుకున్న పదార్థం) చేస్తారు. నేను మొదటిసారి వేసినప్పుడు పన్నెండు ప్లగ్స్, అవి కొబ్బరిపొట్టువి కాదు, పీట్‌వి. బిళ్ళల్లా ఉండేవాటి మీద గోరువెచ్చటి నీళ్ళు పోస్తే ఐదు నిమిషాల్లో ఒక్కొక్కటీ లేచి నిలబడుతుంటే ముచ్చటేసి అన్నిటికీ ఒకేసారి పోసేశాను. పన్నెండులో మూడు మొలిచాక పోయాయి, అది వేరే కథ, పైన ప్లాస్టిక్ మూత తియ్యకుండా వారం రోజులు మురిసిపోయినందుకు నారుకుళ్ళు వచ్చింది. రాత్రి నిటారుగా ఉన్న మొలకలు పొద్దున్నకి మొదట్లో దారంలా సన్నబడి పక్కకి పడిపోయి ఉన్నాయి, బీజదళాలు మాత్రం ఇంకా పచ్చగానే ఉన్నాయి పాపం. మొలక కనపడగానే మూత తీసెయ్యాలి, అంతే, ఇందులో శాస్త్రమేం లేదు.

మిగిలిన తొమ్మిదింటినీ పదిహేనో రోజున వలతో సహా కుండీల్లో పెట్టేశాను. అట్టపెట్టె మీద అలాగే రాసి ఉంది మరి, ప్లగ్ తియ్యనక్కర్లేదు, అలాగే నాటెయ్యండి, వేళ్ళు వాటంతట అవే బయటికి వస్తాయి అని. అదీకాక ప్లగ్ పైభాగం ఒక వేలి మందం బయటికి కనపడేలా పెట్టాను, ఎందుకంటే అలా పెడితే నీటుగా ఉంది.

పది రోజులు గడిచాయి. తొమ్మిది మొక్కలూ ఎక్కడివక్కడే. చావవు, పెరగవు. ఆకుల అడుగున ఊదా రంగు. మైక్రో టామ్ ఆకులు మామూలుగానే ముదురు ఆకుపచ్చగా, ముడతలు ముడతలుగా ఉంటాయి, మొదటిసారి చూసేవాళ్ళు ఆకుముడత తెగులు అనుకుని భయపడతారు, నేనూ ఒక రోజంతా భయపడ్డాను, కానీ ఈ ఊదా రంగు అది కాదు. నాకు తెలిసినవాళ్ళు ఎవరిని అడిగినా ఒకటే మాట, పోషకాలు తక్కువయ్యాయి, ఎరువు వెయ్యి. వేశాను. మళ్ళీ అడిగాను. ఇంకో ఎరువు వెయ్యి. అదీ వేశాను. ఈ మొక్కల లోకంలో ఏ రోగానికైనా సీసాలో మందు ఉంటుంది, ఆ సీసా అమ్మేవాడూ పక్కనే ఉంటాడు, మొక్కని ఒకసారి పైకి తీసి చూడమని మాత్రం ఎవడూ చెప్పడు!

మధ్యాహ్నానికి మొక్కలు వాలడం మొదలెట్టాయి. నాకు మతిపోయింది, ఎందుకంటే కుండీలో వేలు పెడితే తడి, అడుగు పళ్ళెంలో నీళ్ళు, మరి వాలడమేంటి? చివరికి విసుగొచ్చి ఒక మొక్కని మొదట్లో పట్టుకుని లాగాను. సీసాకి బిరడా ఊడినట్టు ప్లగ్ మొత్తం ఊడి చేతికొచ్చింది. పదిహేనో రోజున ఎలా పెట్టానో అలాగే. వేలితో నొక్కితే లోపల ఎండిపోయి బిస్కెట్‌లా ఉంది, చుట్టూ ఉన్న మట్టేమో చేతికి అంటుకునేంత తడి. నమ్మబుద్ధి కాక దాన్ని గ్లాసు నీళ్ళలో వేశాను, తేలింది. బొమ్మ పడవలా తేలింది. పీట్ ఒకసారి పూర్తిగా ఎండితే నీళ్ళని దగ్గరికి రానివ్వదని అప్పటికి నాకు తెలియదు. పైకి పొడుచుకొచ్చిన ఆ కాస్త భాగం దీపం వత్తిలాగా లోపలి తడినంతా పైకి లాగి గాలికి వదిలేస్తూ ఉంది, నేను పోసే నీళ్ళేమో చుట్టూ మట్టిలోంచి జారి పళ్ళెంలోకి పోతున్నాయి, మొక్క మాత్రం నట్టేట్లో దాహంతో చస్తోంది.

అరగంట నానాక గోళ్ళు కత్తిరించుకునే చిన్న కత్తెర తీసుకుని వల కోశాను. నిలువుగా ఒక గాటు పెట్టి పక్కకి లాగితే వస్తుంది, కానీ రాలేదు, ఎందుకంటే వేళ్ళు దానిలోంచి అక్కడక్కడా బయటికి వచ్చి, వచ్చిన చోట వల కంతలో బిగుసుకుపోయి ఉన్నాయి. ఉంగరం ఇరుక్కున్న వేలు చూశారా, అచ్చం అలా, కంతకి లోపల లావు, కంత దగ్గర సన్నం, బయట మళ్ళీ కాస్త లావు. మిగతావన్నీ వల లోపలే చుట్టలు చుట్టుకుని ఉన్నాయి. ఒక్కో మొక్కకి ఇరవై నిమిషాలు పట్టింది. నాలుగు మొక్కలకి తీసేసరికి మెడ పట్టేసింది, మిగతా ఐదింటినీ ఊరికే నీళ్ళలో నానబెట్టి, ఒక్కటి తప్ప మళ్ళీ అలాగే కుండీల్లో పెట్టేశాను.

వల తీసిన నాలుగూ వారంలో కొత్త ఆకు వేశాయి, తర్వాత ఒక్కోటి పదీ పదిహేను కాయల దాకా కాశాయి. వల ఉన్న వాటిలో దేనికీ నాలుగు దాటలేదు. నాలుగు మొక్కలతో ఏం తేలుతుంది అని ఎవరైనా అంటారు, అన్నారు కూడా. ఆ వేళ్ళు నేను చూశాను, వాళ్ళు చూడలేదు.

ఇంకో సంగతి, ఇది పొట్టి రకాలకి మరీ ముఖ్యం. తీగలా పెరుగుతూ పోయే టమాటా అయితే మొదట్లో రెండు వారాలు పాడైనా తర్వాత సర్దుకుంటుంది, దానికి బోలెడు టైముంది. మైక్రో టామ్ కొంత ఎత్తుకి వచ్చాక పూత వేసి ఆగిపోతుంది. వేరు ఉన్నా లేకపోయినా వయసు ప్రకారం పూసేస్తుంది. అంటే చిన్నప్పుడు పాడైన పది రోజులు పాడైనట్టే, తర్వాత ఎంత ఎరువు పోసినా వెనక్కి రావు. మొదటి మూడు వారాలు ప్లగ్ దగ్గర ఒళ్ళు దగ్గరపెట్టుకుంటే చాలు, మిగతా రెండు నెలలు మీరు నిద్రపోయినా పర్లేదు.

కాబట్టి నేను ఇప్పుడు చేసేది ఇది. బీజదళాల తర్వాత వచ్చే మొదటి నిజమైన ఆకులు రెండు విచ్చుకుని, వల కంతల్లో తెల్లటి వేరు కొనలు కనపడగానే, ఇరుక్కోకముందే, కత్తెరతో వల తీసి, లీటరుకి తగ్గని కుండీలో, ప్లగ్ పైన ఒక సెంటీమీటరు మట్టి కప్పేలా లోతుగా నాటుతాను. టమాటా కాండానికి మట్టి తగిలిన చోటల్లా వేళ్ళు వేస్తుంది కాబట్టి లోతుగా పెడితే లాభమే తప్ప నష్టం లేదు. మీవి కొబ్బరిపొట్టువైతే ఎండినా మళ్ళీ తొందరగానే నీళ్ళు పీలుస్తాయి, అది మంచిదే, కానీ కొబ్బరిపొట్టు క్యాల్షియం, మెగ్నీషియం తన దగ్గర పట్టి ఉంచుకుంటుంది, తిండి కూడా దానిలో దాదాపు ఏమీ ఉండదు, అందుకని నిజమైన ఆకులు వచ్చాక డబ్బా మీద రాసినదానిలో నాలుగో వంతు ఎరువు నీళ్ళలో కలిపి ఇవ్వండి. పీట్ నేనిప్పుడు కొనడం లేదు. బురదనేలల్లో అది ఏడాదికి సుమారు ఒక మిల్లీమీటరు మందం చొప్పున పేరుకుంటుంది, నేను ఆ రోజు బిస్కెట్ చేసిన ఒక్క ప్లగ్ ఎత్తు కట్టడానికి ఎన్నేళ్ళు పట్టిందో లెక్కేసుకుంటే సిగ్గేసింది.

నీళ్ళు వేలు పెట్టి చూసి పొయ్యకండి. ప్లగ్‌ని చేత్తో ఎత్తి చూడండి. నేను కాటా మీద పెట్టేవాణ్ణి, బాగా నానినప్పుడు నా ప్లగ్ 48 గ్రాములు, 30కి దిగితే అప్పుడు పళ్ళెంలో నీళ్ళు పోసి అడుగు నుంచి పీల్చనిచ్చి, పది నిమిషాలాగి మిగిలింది ఒంపేసేవాణ్ణి. నాలుగు రోజుల్లో కాటా అక్కర్లేకుండానే చేతికి తెలిసిపోతుంది. ఎప్పుడూ తడిగా ఉంచితే చిన్న నల్ల ఈగలు చేరతాయి, వాటి పురుగులు తడిలోనే పెరుగుతాయి, పసుపురంగు జిగురు అట్టలు పెడితే పెద్దవి అంటుకుంటాయి కానీ పైపొర ఆరనిస్తేనే అసలు పీడ వదులుతుంది.

లైటు సంగతి అడగలేదు గానీ చెప్పకుండా ఉండలేను. గదిలో మామూలు దీపం వెలుతురు 300 నుంచి 500 లక్స్ (వెలుతురు కొలత), బయట మిట్టమధ్యాహ్నం ఎండ లక్ష దాకా ఉంటుంది. మన కంటికి రెండూ వెలుతురే, మొక్కకి మొదటిది చీకటి. అందుకే మొలకలు దారాల్లా సాగిపోతాయి. దీపాల పెట్టెల మీద వెయ్యి వాట్లు అని పెద్దక్షరాల్లో రాస్తారు, గోడకున్న కరెంటు ప్లగ్గు దగ్గర కొలిస్తే చాలాసార్లు నిజంగా లాగేది అందులో పదోవంతు ఉంటుంది, ఇదెక్కడి న్యాయమో నాకు తెలియదు. అసలు వాట్లు చూసి కొనండి. రోజుకి 14 నుంచి 16 గంటలు చాలు. పెరుగుతుంది కదా అని 24 గంటలూ వెలిగించకండి, టమాటాకి రాత్రి లేకపోతే ఆకులు పసుపెక్కి పాడవుతాయి. నేను చేశాను, నాలుగు రోజులు గర్వంగా ఉంది, తర్వాత లేదు.

ఇంట్లో గాలి వీచదు, తేనెటీగ రాదు, కాబట్టి పూత వచ్చాక పూలగుత్తిని రోజుకోసారి వేలితో తట్టాలి. బ్యాటరీతో నడిచే టూత్‌బ్రష్ వెనకవైపు కాడకి ఆనిస్తే ఇంకా బాగా పుప్పొడి రాలుతుంది, ఇంట్లోవాళ్ళు ఏమన్నా పట్టించుకోకండి, బ్రష్ మాత్రం వేరేది పెట్టుకోండి.

ఇప్పుడు కాయదు అన్న మాట దగ్గరికి. వల తియ్యని ఆ ఐదింటిలో ఒకదాన్ని నేను మళ్ళీ కుండీలో పెట్టలేదు, మొండితనం కొద్దీ ఉత్త ప్లగ్‌తోనే ఒక చిన్న గిన్నెలో నిలబెట్టి, రోజుకి రెండుసార్లు నీళ్ళు, వారానికోసారి పలచటి ఎరువు నీళ్ళు ఇస్తూ చూద్దామని ఉంచాను. ఒక్క పూట మర్చిపోతే వాలిపోయేది, ఊరెళ్ళాల్సి వస్తే పక్కింటివాళ్ళకి అప్పగించి వెళ్ళాను. ఏడు సెంటీమీటర్లకి ఆగిపోయి మూడు పూలు పూసింది, రెండు రాలాయి, ఒకటి నిలిచింది. బఠాణీ గింజ కంటే కొంచెం పెద్దది, ఎర్రగా పండింది కూడా. కోస్తే లోపల మూడు గింజలు. వాటిని కాగితం మీద ఆరబెట్టి దాచాను, పోయిన నెల వేస్తే రెండు మొలిచాయి, ఈసారి వల ముందే తీసేసి వేశాను.