అసలు చదువు నాటికి అప్పు పుట్టదు

ప్రశ్న: మేము కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో ఉంటున్నాం. నా వయసు 52, చిప్‌ల కంపెనీలో టెస్టింగ్ మేనేజర్‌ని. నా భార్య ప్రీ-స్కూల్లో పార్ట్‌టైమ్ పనిచేస్తోంది. ఇక్కడే పుట్టిన మా అమ్మాయి డి ఆంజా కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్లు పూర్తి చేస్తోంది, డాక్టర్ కావాలని పట్టుదలగా ఉంది. మూడో సంవత్సరానికి ట్రాన్స్‌ఫర్ కింద యూసీ డేవిస్‌లో, శాన్ హోసే స్టేట్‌లో, ఒక పేరున్న ప్రైవేటు యూనివర్సిటీలో సీట్లు వచ్చాయి. ప్రైవేటులో స్కాలర్‌షిప్ పోను ఏడాదికి 78,000 డాలర్లు అవుతుంది. చదువు కోసం దాచే 529 ఖాతాలో 40,000, బ్యాంకులో 11,000 ఉన్నాయి. నెలకు 8,000 ఖర్చులు పోను 1,500 మిగులుతుంది. తక్కువ పడేది ఫెడరల్ ప్రభుత్వం తల్లిదండ్రులకు ఇచ్చే పేరెంట్ ప్లస్ రుణంతో, ఇంటి విలువ మీద కావలసినప్పుడు వాడుకునే అప్పు, అంటే హీలాక్‌తో, 401కె రిటైర్మెంట్ ఖాతా మీద అప్పుతో సర్దుకుందామనుకుంటున్నాం. పేరున్న చోట చదివితే మెడికల్ సీటు తేలిగ్గా వస్తుందని స్నేహితులు అంటున్నారు. షాద్‌నగర్ దగ్గర 2012లో కొన్న ప్లాటు ఉంది కానీ అది అమ్మాయి పెళ్లికని ఉంచాం. జూన్ 1 లోపు ఏదో ఒకటి తేల్చాలి. ఏం చేయమంటారు?

జవాబు: మీరు జతచేసిన ఎక్సెల్ షీటులో చదువు ఖర్చులకే ఇరవై వరుసలు ఉన్నాయి. హాస్టల్ గదిలోకి కావలసిన దుప్పట్లకు కూడా 300 డాలర్లు కేటాయించారు. చిట్టచివరి వరుసలో మాత్రం ‘ఎమర్జెన్సీ’ అని రాసి, దాని ఎదురుగా ‘క్రెడిట్ కార్డు, హీలాక్’ అని నింపారు. మిగతా ఉత్తరాలను పక్కన పెట్టి మీ ఉత్తరానికి జవాబు రాయడానికి ఆ చివరి వరుసే కారణం. అప్పు తెచ్చుకునే వీలు ఉండడాన్ని చేతిలో డబ్బు ఉన్నట్టుగా లెక్కవేసుకోవడం బే ఏరియాలోనూ, డాలస్‌లోనూ, న్యూజెర్సీలోనూ బాగా సంపాదిస్తున్న మన కుటుంబాలలో నేను తరచుగా చూస్తున్న పొరపాటు.

మీ ప్రణాళికను ఒకసారి కూడి చూద్దాం. ప్రైవేటు యూనివర్సిటీకి రెండేళ్లకు 1,56,000 డాలర్లు కావాలి. అందులో 529 ఖాతా నుంచి 40,000, అమ్మాయి పేరున ఏడాదికి 7,500 చొప్పున వచ్చే ఫెడరల్ రుణం 15,000, పేరెంట్ ప్లస్ 40,000, హీలాక్ 40,000, 401కె అప్పు 21,000 వేసుకున్నారు. ఇందులో మీ సొంత డబ్బు నాలుగో వంతుకు కాస్త ఎక్కువ, మిగిలినదంతా అప్పే, ఆ అప్పులోనూ 1,01,000 డాలర్లు నేరుగా మీ నెత్తిన పడేది. ఇంత అప్పుకు కాపలాగా బ్యాంకులో ఉన్నది 11,000, అంటే మీ ఇంటికి ఆరు వారాల ఖర్చు.

ఇప్పుడు మీ ఉద్యోగం పోయిందనుకోండి. అశుభం పలుకుతున్నానని అనుకోవద్దు, మీ రంగంలో ఉన్నవారికి ఈ మాట కొత్తదీ కాదు. కాలిఫోర్నియాలో నిరుద్యోగ భృతి వారానికి గరిష్ఠంగా 450 డాలర్లు, అదీ మామూలుగా 26 వారాలే. నెలకు రెండు వేలకు అటూ ఇటూగా వచ్చే ఆ సొమ్ము మీ నెల ఖర్చులో నాలుగో వంతు. ముగ్గురి ఆరోగ్య బీమాను, ఉద్యోగం పోయాక కూడా కంపెనీ బీమానే ఉంచుకోనిచ్చే కోబ్రా చట్టం కింద కొనసాగించాలంటే ఇంతకాలం కంపెనీ భరించిన భాగంతో సహా మొత్తం ప్రీమియం, దాని పైన రెండు శాతం మీరే కట్టాలి. 401కె మీద తీసుకున్న అప్పులో మిగిలిన బాకీని ఆ ఏడాది టాక్స్ రిటర్నుకు ఉండే గడువులోగా తీర్చకపోతే దాన్ని మీరు విత్‌డ్రా చేసుకున్నట్టే లెక్కగట్టి ఆదాయపు పన్ను వేస్తారు. మీ వయసుకు దాని పైన 10 శాతం ఫెడరల్ పెనాల్టీ, 2.5 శాతం రాష్ట్ర పెనాల్టీ కూడా పడతాయి. మరి షీటులో ‘ఎమర్జెన్సీ’ ఎదురుగా రాసిన హీలాక్ సంగతి? మీ ఆర్థిక పరిస్థితి మారిందని తెలిస్తే వాడుకోకుండా మిగిలిన పరిమితిని బ్యాంకు స్తంభింపజేయవచ్చు. కొన్నేళ్ల కిందట నా దగ్గరకు వచ్చిన ఒక దంపతులకు సరిగ్గా ఇదే జరిగింది, ఉద్యోగం పోయిన రెండో నెలలో బ్యాంకు నుంచి ఉత్తరం వచ్చింది. చదువు సాయమైనా వెంటనే పెరుగుతుందా అంటే, దానికి పెట్టే ఫెడరల్ దరఖాస్తు ఫాఫ్సా రెండేళ్ల వెనకటి ఆదాయాన్ని చూస్తుంది కనుక, 2026–27 సాయానికి మీ 2024 జీతమే లెక్క. కాలేజీ సహాయ కార్యాలయానికి పరిస్థితి వివరించి మళ్లీ లెక్కించమని కోరవచ్చు, కానీ ఆ జవాబు వచ్చేదాకా ఇంటి వాయిదా ఆగదు.

అందుకే యూనివర్సిటీ పేరు గురించి మాట్లాడే ముందు అత్యవసర నిధి గురించి మాట్లాడుతున్నాను. మీ ఇంటికి కనీసం ఆరు నెలల ఖర్చు, అంటే 48,000 డాలర్లు, షేర్లలో కాకుండా ఎప్పుడంటే అప్పుడు తీసుకోగలిగిన ఖాతాలో ఉండాలి. ఇంట్లో ప్రధానమైన జీతం ఒక్కటే కనుక తొమ్మిది నెలలకు ఉంటే ఇంకా మంచిది.

రెండో సంగతి, మీ అమ్మాయికి ఖరీదైన చదువు, అంటే డిగ్రీ తరువాత వచ్చే మెడికల్ స్కూలు, ఇంకా మొదలే కాలేదు. కొత్త చట్టం ప్రకారం 2026 జూలై 1 నుంచి మెడికల్ విద్యార్థులు కొత్తగా తీసుకునే ఫెడరల్ రుణానికి ఏడాదికి 50,000, మొత్తం మీద 2,00,000 డాలర్ల పరిమితి వచ్చింది. ఎంత ఖర్చయితే అంత ఇచ్చిన గ్రాడ్ ప్లస్ రుణం కొత్తవారికి ఇక లేదు. ప్రైవేటు మెడికల్ స్కూళ్లలో నాలుగేళ్ల ఖర్చు మూడున్నర లక్షలు దాటడం మామూలే. ట్రాన్స్‌ఫర్ అయిన పిల్లలకు కొత్త చోట ప్రొఫెసర్ల దగ్గర సిఫారసు లేఖలు సంపాదించుకోవడానికి, మెడికల్ ప్రవేశ పరీక్ష ఎంక్యాట్‌కు సిద్ధం కావడానికి వ్యవధి చాలదు కనుక చాలామందికి ఒక సంవత్సరం విరామం పడుతుంది. అలాగైతే ఆమె మెడికల్ స్కూల్లో చేరేసరికి 2029 అవుతుంది, మీకు 55 వస్తాయి. అప్పుడు తక్కువ పడే లక్ష, లక్షన్నరకు ప్రైవేటు రుణం కావాలి, దానికి మీ సంతకం అడుగుతారు. ఆ రోజున మీ పేరు మీద పేరెంట్ ప్లస్, హీలాక్ రెండూ బరువుగా కూర్చుని ఉంటే ఏ బ్యాంకు ముందుకు వస్తుంది? పేరెంట్ ప్లస్‌కు 2025–26లో వడ్డీ 8.94 శాతం, ఇచ్చేటప్పుడే నాలుగు శాతానికి పైగా రుసుము కోసుకున్నారు. పైగా 2026 జూలై తరువాత తీసుకునేవాటికి ఆదాయాన్ని బట్టి వాయిదా తగ్గించుకునే వీలు కూడా లేదు. ఇలాంటి అప్పును రెండేళ్ల బయాలజీ కోర్సుకు ఖర్చుపెట్టడం నాకు మింగుడుపడడం లేదు.

మీ స్నేహితుల మాట విషయానికి వస్తే, మెడికల్ స్కూళ్లకు వెళ్లే ఉమ్మడి దరఖాస్తులో డి ఆంజాలో వచ్చిన గ్రేడ్లతో సహా ప్రతి కాలేజీ గ్రేడూ లెక్కలోకి వస్తుంది. కమ్యూనిటీ కాలేజీలో మొదలుపెట్టినవారు పై స్థాయి సైన్సు కోర్సులలోనూ అంతే బాగా రాణించారా అన్నది చూస్తారు. ఆ కోర్సులు మూడు చోట్లా ఉన్నాయి. యూసీ డేవిస్‌కు దగ్గరలోనే, శాక్రమెంటోలో, దాని సొంత మెడికల్ సెంటర్ కూడా ఉంది కనుక ఆసుపత్రి అనుభవం కోసం వెతుక్కోవలసిన పని లేదు. మధ్యలో మనసు మార్చుకునే ప్రీ-మెడ్ పిల్లలు తక్కువేమీ ఉండరు. అమ్మాయి మనసు మారినా మీ అప్పు మారదు.

లెక్క మాత్రమే చూస్తే శాన్ హోసే స్టేట్‌కు ఓటు వేస్తాను. ఇంటి నుంచి వెళ్లి వస్తే రెండేళ్ల ఫీజు 18,000 డాలర్ల దగ్గర తేలిపోతుంది, 529లో సగం మెడికల్ స్కూలుకు మిగులుతుంది. అమ్మాయి ఇల్లు వదిలి వెళ్లాలని గట్టిగా కోరుకుంటున్నట్టు రాశారు కనుక డేవిస్‌కు కూడా దారి చెబుతాను, ఒక షరతు మీద.

డేవిస్‌లో వసతితో కలిపి ఏడాదికి 44,000 వేసుకుందాం. మొదటి ఏడాది మొత్తం 529 ఖాతా, అమ్మాయి ఫెడరల్ రుణంతో గడిచిపోతుంది, ఇంకా 3,500 మిగులుతుంది. ఆ పన్నెండు నెలలూ మీ 1,500 ఒక్క డాలరు కూడా కాలేజీ వైపు మళ్లకుండా అత్యవసర నిధికి వెళ్లాలన్నదే నా షరతు. ఏడాది తిరిగేసరికి నిధి 29,000 అవుతుంది. రెండో ఏడాదికి ఆమె రుణం పోను 33,000 కావాలి. దానికే షాద్‌నగర్ ప్లాటు.

ఆడపిల్ల పెళ్లికని దాచిన స్థలాన్ని అమ్మమంటే మనసు ఒప్పుకోదని తెలుసు. కానీ ఆమెకు పెళ్లికంటే ముందు మెడికల్ స్కూలు వస్తుంది, దానికంటే ముందు మీ ఉద్యోగానికి ఏదైనా ఆపద రావచ్చు. మీ షీటులో దాని ధర 40 లక్షల రూపాయలని వేశారు. పన్నులు, ఖర్చులు పోను 38,000 డాలర్లు చేతికి వస్తే అందులో 19,000 నిధిని ఆరు నెలలకు పూర్తి చేస్తుంది, మిగిలిన 19,000కు మీ రెండో ఏడాది పొదుపు 18,000 తోడైతే ఫీజు గడిచిపోతుంది. మీరు ప్రవాసులు కనుక కొనేవారు అమ్మకం ధర మొత్తం మీద టీడీఎస్ పట్టుకోవలసి వస్తుంది. తక్కువ టీడీఎస్‌కు సర్టిఫికెట్ కోసం హైదరాబాదులో ఆడిటరుతో ముందుగానే దరఖాస్తు పెట్టించండి, దానికి సమయం పడుతుంది. మరో మాట, ఈ ప్లాటును ఫాఫ్సాలో చూపించారా? ఉంటున్న ఇంటికి మినహాయింపు ఉంది కానీ భారతదేశంలోని స్థలానికి లేదు. చూపించకపోతే వెంటనే సవరించండి.

వచ్చే వసంతానికి కూడా ప్లాటు అమ్ముడుపోకపోతే, రెండో ఏడాదికి మాత్రం పేరెంట్ ప్లస్ 15,000కు మించకుండా తీసుకోండి. 401కె జోలికి, హీలాక్ జోలికి వెళ్లవద్దు. కంపెనీ ఇచ్చే గ్రూపు జీవిత బీమా ఉద్యోగంతోపాటే పోతుంది కనుక మీ పేరున విడిగా ఇరవై ఏళ్ల టర్మ్ పాలసీ ఈ నెలలోనే తీసుకోండి.

ఇదే ఆలోచనలో ఉన్న ఇతర పాఠకులకు ఒక హెచ్చరిక. పై లెక్కంతా అమ్మాయి అమెరికా పౌరురాలు కావడం వల్ల సాగింది. హెచ్-1బి ఉద్యోగుల కుటుంబాలకు ఇచ్చే హెచ్-4 వీసా మీద ఉన్న పిల్లలకు ఫెడరల్ రుణం రాదు, 21 ఏళ్లు నిండితే విద్యార్థి వీసా ఎఫ్-1కు మారవలసి వస్తుంది, అంతర్జాతీయ విద్యార్థులను అసలే చేర్చుకోని మెడికల్ స్కూళ్లు చాలా ఉన్నాయి. వారికి అత్యవసర నిధి ఏడాది ఖర్చుకు తగ్గకూడదు.

జూన్ 1 లోపు డేవిస్‌కు సమ్మతి తెలిపి, ప్రైవేటు యూనివర్సిటీకి రావడం లేదని రాసేయండి. హీలాక్ దరఖాస్తు ఇప్పటికే పెట్టి ఉంటే దాన్ని కూడా అదే రోజు వెనక్కి తీసుకోండి.