ఫాలోయర్లున్న ఖాతా కొనివ్వాలా?

ప్రశ్న: మాది ఉదయగిరి. చెక్క గరిటెల దుకాణం ఉంది. అమ్మాయి ఇంటర్ ఎంఈసీ పూర్తి చేసింది. డిగ్రీ వద్దట, ఇన్‌స్టాగ్రామ్‌లో మా గరిటెల వీడియోలు పెడుతుందట. నెల రోజులుగా ఖాతా సిద్ధం చేస్తూనే ఉంది, ఒక్క వీడియో పెట్టలేదు. ఫాలోయర్లున్న పాత ఖాతా కొనివ్వమంటారా? బీకాం మేలా, ఇది మేలా? – ఒక తండ్రి

జవాబు: కొనకండి. ఖాతాల క్రయవిక్రయాలు ఇన్‌స్టాగ్రామ్ నిబంధనలకే విరుద్ధం. అమ్మినవాడు పాత ఈమెయిల్ పట్టుకుని రేపు దాన్ని వెనక్కి లాక్కున్నా మీరు చేయగలిగింది తక్కువ. అసలు ఆ ఖర్చుకు ఎందుకు సిద్ధపడ్డారు? ఫాలోయర్లు లేని పేజీ బంధువుల కంట పడితే నవ్వుతారనే కదా! ఆ బెరుకు మీది, పిల్లకు అంటించకండి. నెల రోజులుగా ఆమె చేయి ఆడకపోవడానికి కారణం అదేనేమో కూడా చూడండి.

ఎందుకంటే ఖాతా సిద్ధం చేయడం ఒక పూట పని. ఆమె ఫోను నంబరు, అసలు పుట్టిన తేదీ, రెండంచెల భద్రత (పాస్‌వర్డుతో పాటు మరో కోడ్ అడిగే ఏర్పాటు) చాలు. అదే పేరు యూట్యూబ్‌లోనూ దొరుకుతుందో లేదో ముందే చూసుకోవాలి. పరిచయానికి ఇచ్చే చోటు 150 అక్షరాలే. ‘ఉదయగిరి చెక్క గరిటెలు, అమ్మకానికి’ అంటే చాలు, కవిత్వం అక్కరలేదు. మూడు నాలుగు వీడియోలు తీసి పెట్టుకుని మొదలుపెట్టమనండి. పోస్టు చేసే ముందు రెండు వారాలు ఊరికే లైకులు కొడుతూ ఖాతాను ‘వేడెక్కించాలి’ అనే మాట ఈ మధ్య తెగ తిరుగుతోంది. నాకు దాని మీద నమ్మకం లేదు. పైగా కొత్త ఖాతాతో కనిపించిన వారినందరినీ ఫాలో అవుతూ పోతే స్పామ్ అనుకుని కట్టడి చేస్తారు.

వీడియోలే ఉద్యోగమన్న ఆలోచన మీదా నాకు అనుమానమే. యూట్యూబ్ ప్రకటనల ఆదాయంలో వాటా రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, గడిచిన 12 నెలల్లో 4,000 గంటల వీక్షణ ఉండాలి. లేదంటే 90 రోజుల్లో షార్ట్స్‌కు కోటి వీక్షణలు. అంత కష్టపడ్డాక కూడా నెలనెలా ఇంత అని హామీ ఉండదు.

మీ అమ్మాయి సంగతి వేరు. అమ్మడానికి ఆమె దగ్గర సరుకుంది, అదీ భౌగోళిక గుర్తింపు పొందిన సరుకు. అందుకే ఆమె గురించి నాకు బెంగ లేదు. బీకాంలో చేర్చండి, జీఎస్టీ, ఖాతా పుస్తకాలు రేపు ఆ దుకాణానికే పనికొస్తాయి. వీడియోలకు సాయంత్రాలు చాలు. మొదటిది ఈ ఆదివారమే పెట్టమనండి. ఎందరు చూశారని మాత్రం రోజూ అడక్కండి.