జీతం పెంచినా సంరక్షకులు ఎందుకు మానేస్తున్నారు?

మీ వృద్ధుల సంరక్షణ కేంద్రంలో జీతాలు పెంచినా ఆరు నెలలు తిరగకుండానే సిబ్బంది మానేస్తున్నారని, ఏమి చేస్తే నిలుస్తారని అడిగారు. అలాంటి కేంద్రంలోనే నేను నాలుగేళ్లు సంరక్షకురాలిగానూ, తరువాత ఆరేళ్లు డ్యూటీలు వేసే పర్యవేక్షకురాలిగానూ పనిచేశాను.

జీతం చాలకపోతే మిగతా మాటలన్నీ వృథా. అయితే అమెరికా మనస్తత్వవేత్త ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ 1959లోనే చెప్పినట్టు, జీతమూ పని పరిస్థితులూ బాగుంటే అసంతృప్తి తగ్గుతుందే గాని తృప్తి కలగదు. ఆ తృప్తి, చేసే పనిలోంచి, దానికి దక్కే గుర్తింపులోంచి రావాలి. అందుకే ముందుగా మీ డ్యూటీ చార్టు చూసుకోండి.

పర్యవేక్షకురాలినైన కొత్తలో, భారం అందరికీ సమానంగా పడాలని నేను వారానికొకసారి గదులు మార్చేదాన్ని. న్యాయం చేస్తున్నాననే అనుకున్నాను. ఒక పెద్దాయనను ఏ పక్కకు తిప్పితే నొప్పి పుడుతుందో, ఒక పెద్దావిడ మందు మింగాలంటే ముందు ఎవరి కబురు చెప్పాలో తెలిసివచ్చేసరికి ఆ సంరక్షకురాలు వేరే గదికి వెళ్లిపోయేది. మతిమరుపు ముదిరినవారికైతే ప్రతి వారమూ కొత్త ముఖమే కనుక భయపడి చేయి విసిరేవారు. ఆ దెబ్బలు తిన్నవారే ముందుగా మానేశారు. ఎవరికి కేటాయించిన వృద్ధులను వారికే ఉంచడం మొదలుపెట్టాక ఆ గొడవలు బాగా తగ్గాయి. అందరికంటే కష్టమైన వ్యక్తి ఎప్పుడూ ఒకరి వంతుకే వస్తే ఆమె అలసిపోతుంది కాబట్టి, అటువంటి చోట ఇద్దరిని కలిపి వేయాలి, అడిగినప్పుడు మార్చాలి.

రెండవది, వారి మాట వినడం. మా దగ్గర ఒకామె, తాను చూసుకునే పెద్దావిడ అన్నం సరిగా తినడం లేదని రెండు రోజులు వరుసగా చెప్పింది. షిఫ్టు మారేటప్పుడు జరిగే సమావేశంలో నర్సులే మాట్లాడుకునేవారు గనుక ఆ మాట అక్కడికి చేరలేదు. మూడవ రోజు చూస్తే కట్టుడు పళ్లు ఒరుసుకుని చిగురు పుండైపోయి ఉంది. "చెప్పి ఏం లాభం మేడమ్?" అని ఆమె ఆ నెలలోనే మానేసింది. ఆ తరువాత సమావేశంలో ముందు సంరక్షకులు, ఆపైన నర్సులు మాట్లాడాలని నియమం పెట్టాము.

నడుము సంగతీ మరువకండి. మనిషిని చేతులతో ఎత్తేటప్పుడు ఒక్కరిపై పడే బరువు సుమారు 16 కిలోలు దాటరాదని అమెరికా జాతీయ వృత్తి భద్రత, ఆరోగ్య సంస్థ సూచిస్తుంది. అంతకు మించితే యంత్రం కావాలి. మాకు యంత్రం ఉండేది, కానీ దాని గది తాళం చెవి సాయంత్రం కాగానే మేనేజరుతో పాటు ఇంటికి వెళ్లిపోయేది!

చివరిది మరణం. నేను సంరక్షకురాలిగా ఉన్న రోజుల్లో, రెండేళ్లు కనిపెట్టుకుని ఉన్న తాతగారు నేను సెలవులో ఉండగా పోయారు; తిరిగి వచ్చి ఆ మంచంపై మరొకరిని చూసినప్పుడే నాకు తెలిసింది. ఆ రోజు కూడా ఎనిమిది గంటలూ పనిచేశాను. పర్యవేక్షకురాలినయ్యాక, ఎవరైనా పోతే వారిని చూసుకున్నవారికి సెలవులో ఉన్నా నేనే ఫోన్ చేసి చెప్పేదాన్ని, అంత్యక్రియలకు వెళ్తామంటే ఆ పూట డ్యూటీ తప్పించేదాన్ని. అంత అనుభవించినదాన్నయి ఉండీ, ఈ పద్ధతి పెట్టడానికి నాకు మూడేళ్లు పట్టింది.