టో కెపాసిటీ 5,000 పౌండ్లు సరే, మీ కారుకు మిగిలేదెంత?

ప్రశ్న: మేం డాలస్ దగ్గర ఫ్రిస్కోలో అద్దె ఇంట్లో ఉంటున్నాం. హెచ్1బి వీసా, గ్రీన్‌కార్డ్‌కు కంపెనీ వేసే ఐ-140 అప్రూవ్ అయింది. ఇద్దరు పిల్లలు. 2021 టయోటా హైలాండర్ వీ6 ఏడబ్ల్యూడీ ఉంది, లోన్ తీరిపోయింది. 24,995 డాలర్లకు 16 అడుగుల క్యాంపర్ ట్రెయిలర్ (కారు వెనక తగిలించి లాక్కెళ్లే చక్రాల ఇల్లు) చూశాం. పది శాతం డౌన్, 144 నెలలు, 8.99 శాతం వడ్డీ, నెలకు మూడొందల లోపేనని డీలర్ అంటున్నాడు. సేవింగ్స్‌లో 38,000 ఉన్నాయి, నెల ఖర్చు 6,500. కారుకు ఏమేం బిగించాలి, ఎంతవుతుంది? కొనొచ్చా? ఏటా వేసవిలో వచ్చే అమ్మానాన్నలను కూడా తీసుకెళ్లగలమా?

జవాబు: కారుకు ఏర్పాట్లు ఇప్పుడే చేయించుకోండి. ట్రెయిలర్ మాత్రం ఇప్పుడు కొనకండి. వరస తిరగబడినట్టుంది కదా, కారణం చివర్లో తెలుస్తుంది.

హైలాండర్ వీ6 లాగగలిగే బరువు 5,000 పౌండ్లు, ట్రెయిలర్ ఖాళీ బరువు 2,950 పౌండ్లు. కాబట్టి బోలెడంత మార్జిన్ ఉందని డీలర్ చెప్పి ఉంటాడు. ఆఫర్ లెటర్‌లో సీటీసీ చూసి ఇల్లు కొన్నట్టుంటుంది ఇది. టయోటా పాటించే జె2807 అనే టోయింగ్ ప్రమాణం ప్రకారం చేసే పరీక్షలో కారులో ఉండేది ఇద్దరే, తలా 150 పౌండ్ల లెక్కన. పిల్లలూ కూలర్లూ ఆ లెక్కలో లేరు. మీ కారుకు చేతికొచ్చే జీతమంటే పేలోడ్. డ్రైవర్ తలుపు తీసి, పక్క స్తంభం మీద టైర్ల గాలి వివరాలున్న స్టిక్కర్ చూడండి. మనుషులూ సామానూ కలిపి ఇన్ని పౌండ్లు దాటకూడదని రాసి ఉంటుంది. ట్రిమ్‌ను (వేరియంట్‌ను) బట్టి, సన్‌రూఫ్‌ను బట్టి ఆ అంకె మారుతుంది, అందుకే ఇంటర్నెట్‌లో దొరికే సంఖ్య వద్దు, మీ తలుపు మీదిదే కావాలి. ఇక్కడ 1,410 అనుకుని లెక్క వేస్తున్నాను.

ట్రెయిలర్ ఖాళీ బరువులో నీళ్లు, బ్యాటరీ, గ్యాస్, గిన్నెలు, దుప్పట్లు ఉండవు. 20 పౌండ్ల ప్రొపేన్ సిలిండర్ నిండితే దాదాపు 37 పౌండ్లు తూగుతుంది. నీళ్లు గ్యాలన్‌కు 8.3 పౌండ్లు, 25 గ్యాలన్ల ట్యాంక్ నింపితేనే 200 పైన. అన్నీ సర్దాక మీ ట్రెయిలర్ 3,600 దగ్గర తేలుతుంది. అందులో 10 నుంచి 15 శాతం కారు వెనక హిచ్ మీద పడుతుంది. దాన్నే టంగ్ వెయిట్ అంటారు, అదీ పేలోడ్ లెక్కలోకే వస్తుంది. 13 శాతం పట్టుకుంటే 468 పౌండ్లు. మీ నలుగురికీ కలిపి 470, రిసీవర్ (కారు వెనక కింద బిగించే గొట్టం), బాల్ మౌంట్ (అందులో దూర్చే, ట్రెయిలర్ కూర్చునే బాల్ ఉండే కడ్డీ) 60, డిక్కీలో సామాను 150 అనుకుందాం. మొత్తం 1,148. 1,410లో మిగిలింది 262. ఫర్వాలేదు, బండి లాగుతుంది.

టంగ్ వెయిట్ ఎక్కువగా ఉందని సామాను వెనక్కి తోసేయకండి. అది పది శాతం కంటే తగ్గితే హైవే మీద ట్రెయిలర్ తోక ఊపడం మొదలుపెడుతుంది. బరువైనవి ఇరుసుకు ముందువైపు, కింద పెట్టాలి. నీళ్ల ట్యాంక్ ఇరుసు వెనక ఉన్న మోడల్ అయితే ఖాళీగా తోలుకెళ్లి క్యాంప్‌లో నింపుకోండి. ఒకవేళ ఊగితే కారు బ్రేక్ తొక్కొద్దు, స్టీరింగ్ ఎదురు తిప్పొద్దు. యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి, ట్రెయిలర్ బ్రేకులను మాత్రమే పట్టించే చేతి మీటను నెమ్మదిగా నొక్కండి.

ఆ మీట ఉండాలంటే ట్రెయిలర్ బ్రేకులను నడిపే బ్రేక్ కంట్రోలర్ కారులో ఉండాలి. చాలామంది డబ్బు మిగులుద్దామని చూసేది ఇక్కడే. టెక్సస్ చట్టం మొత్తం బరువు 4,500 పౌండ్లు దాటిన ట్రెయిలర్‌కే బ్రేకులు తప్పనిసరి అంటుంది. కాలిఫోర్నియాలో క్యాంపింగ్ ట్రెయిలర్‌కు ఆ హద్దు 1,500. చట్టం సంగతెలా ఉన్నా, 3,600 పౌండ్ల బరువు వెనక నుంచి తోస్తుంటే హైలాండర్ బ్రేకులు ఒక్కటే సరిపోవు. మీరు చూసిన సైజు ట్రెయిలర్లకు ఎలక్ట్రిక్ బ్రేకులు ఫ్యాక్టరీలోనే వస్తాయి. వాటికి కారు నుంచి కరెంటు అందాలి, అంతే.

కాబట్టి బిగించాల్సినవి ఇవి. క్లాస్ 3 రిసీవర్, 2 అంగుళాల గొట్టం ఉన్నది. బిగించే కూలితో 400 నుంచి 450 డాలర్లు. ఒకటింబావు అంగుళం రిసీవర్ చవగ్గా వస్తుంది గానీ క్లాస్ 1, 2 కోవలోనిది, దీనికి చాలదు. తర్వాత వైరింగ్. నాలుగు పిన్నుల ఫ్లాట్ కనెక్టర్ లైట్లకు మాత్రమే పనికొస్తుంది. బ్రేకులకూ, ట్రెయిలర్ బ్యాటరీ ఛార్జింగ్‌కూ ఏడు పిన్నులది కావాలి. దీనికోసం బ్యాటరీ నుంచి వెనక దాకా 10 గేజ్ వైరు లాగాలి, బ్యాటరీ దగ్గర సర్క్యూట్ బ్రేకర్ ఉండాలి. టెయిల్ ల్యాంప్ వైరు చీల్చి అతుకేసే మెకానిక్‌కు పని అప్పగించకండి. కారు లైట్ సర్క్యూట్ ట్రెయిలర్ లైట్ల భారం కూడా మోయలేదు, ఫ్యూజ్ పోతుంది, లేదంటే అంతకంటే ఖరీదైన మాడ్యూలే పోతుంది. బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు తీసుకునే కన్వర్టర్, టీ-కనెక్టర్ అడగండి. కంట్రోలర్‌లో ప్రపోర్షనల్ రకం తీసుకోండి, టెకాన్షా ప్రాడిజీ పీ3 లాంటిది 150 నుంచి 170కి వస్తుంది. కారు ఎంత గట్టిగా ఆగుతుందో పసిగట్టి ట్రెయిలర్ బ్రేకును అంతే పట్టిస్తుంది. టైమ్-డిలే రకం యాభై డాలర్లు చవక, కానీ ప్రతిసారీ ఒకే మోతాదులో పట్టేసి వెనక నుంచి కుదుపుతుంది. వైరింగ్ సామాను, కూలి కలిపి ఇంకో 400.

బాల్ మౌంట్, బాల్, తాళం కలిపి 90. చూడ్డానికి చిన్న విషయమే, ప్రమాదం మాత్రం ఇక్కడే పొంచి ఉంటుంది. ట్రెయిలర్ కప్లర్ (బాల్ మీద కూర్చునే మూతి) మీద సైజు అచ్చు వేసి ఉంటుంది: 2 అంగుళాలు, లేదా 2 5/16 అంగుళాలు. 2 5/16 కప్లర్‌లో 2 అంగుళాల బాల్ పెట్టినా గొళ్లెం పడుతుంది, పిన్ను దూరుతుంది, సరిగ్గా కూర్చున్నట్టే కనిపిస్తుంది. మొదటి గతుకులోనే ఎగిరి బయటికి రావచ్చు. అందుకే ప్రతిసారీ గొళ్లెం వేశాక ట్రెయిలర్ జాకీ తిప్పి కారు వెనక భాగాన్ని ఓ అంగుళం పైకి లేపి చూడాలి. కప్లర్ విడిపోకుండా కారు లేచిందంటే పట్టు సరిగ్గా ఉన్నట్టు. ట్రెయిలర్ ముక్కు పైకీ కిందికీ వాలకుండా నేలకు సమాంతరంగా ఉండాలి, బాల్ మౌంట్ డ్రాప్ (ఎంత కిందికి దిగాలన్నది) దాన్నిబట్టి ఎంచుకోవాలి. గొలుసులు కప్లర్ కింద అడ్డంగా మార్చి తగిలించండి.

క్లిప్-ఆన్ అద్దాలు 60, చక్రాలకు అడ్డుదిమ్మలు, లెవెలింగ్ బ్లాకులు 70, నీళ్ల పైపు, మురుగు పైపు 70, 30 ఆంప్స్ సర్జ్ ప్రొటెక్టర్ 120 నుంచి. అంతా కలిపి 1,400 దాకా తేలుతుంది. 1,700 పక్కన పెట్టండి, ఎందుకంటే వెనక భాగం బాగా కుంగి హెడ్‌లైట్లు ఆకాశం వైపు చూస్తే ఆ బరువును ముందు ఇరుసుకు కూడా పంచే వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ కావాల్సి రావచ్చు. అది కొనేముందు ఓనర్స్ మాన్యువల్‌లో టోయింగ్ పేజీలు చదవండి. కొన్ని ఎస్‌యూవీలకు కంపెనీలే దాన్ని వద్దంటాయి.

బిగించాక మొదటి రోజు ఖాళీ పార్కింగ్ లాట్‌లో గంటకు 25 మైళ్ల వేగంతో పోతూ చేతి మీట నొక్కి చూడండి. ట్రెయిలర్ చక్రాలు జామ్ అయ్యేదాకా గెయిన్ (కంట్రోలర్‌లో బ్రేకు బలం) పెంచి, అక్కణ్ణుంచి కొద్దిగా తగ్గించాలి. తర్వాత ట్రక్ స్టాప్‌లో ఉండే క్యాట్ స్కేల్ అనే వేబ్రిడ్జికి వెళ్లండి. ఇంటిల్లిపాదీ ఎక్కాక కారు ఒక్కటే తూచి, ట్రెయిలర్ తగిలించి మళ్లీ తూచండి. రెండోసారి కారు ఇరుసుల మీద పెరిగిన బరువే మీ అసలు టంగ్ వెయిట్. రెండు తూకాలకూ కలిపి ఇరవై డాలర్లు ఆ చుట్టుపక్కలే.

ఇక డీలర్ చెప్పిన నెల వాయిదా. 24,995కు టెక్సస్ పన్ను 6.25 శాతం, అంటే 1,562. ఫ్రైట్, ప్రెప్, డాక్యుమెంట్ ఫీజులు మరో 1,400 అనుకుంటే 27,957. పది శాతం పోను అప్పు సుమారు 25,150. నెలకు 286 డాలర్లు, పన్నెండేళ్లలో కట్టేది 41,200 దాకా. వడ్డీయే 16,000. మూడేళ్లు కట్టాక కూడా 21,100 బాకీ మిగులుతుంది. మూడేళ్లు వాడిన ట్రెయిలర్‌కు కొన్న ధరలో మూడింట రెండొంతులు వస్తే మంచి బేరమే, అంటే 16,700. అమ్ముదామంటే ఎదురు 4,400 చేతి నుంచి పెట్టాలి. హెచ్1బి మీద ఉద్యోగం పోతే మీకుండేది మహా అయితే 60 రోజులు. ఆ రెండు నెలల్లో కొత్త స్పాన్సర్‌ను వెతుక్కుంటారా, బాకీ ఉన్న ట్రెయిలర్‌కు కొనేవాణ్ణి వెతుక్కుంటారా?

పడకా వంటిల్లూ టాయిలెట్టూ ఉంటే సెకండ్ హోమ్ కింద వడ్డీ మినహాయింపు వస్తుందని కూడా చెప్పి ఉంటారు. నిజమే, కానీ ఐటమైజ్ చేసేవాళ్లకు, అంటే మినహాయింపులను ఒక్కొక్కటిగా చూపించేవాళ్లకు. 2025లో దంపతులకు, అలా చూపించకుండానే దొరికే స్టాండర్డ్ డిడక్షన్ 31,500. అద్దె ఇంట్లో ఉన్న మీకు ఐటమైజ్ చేసే అవకాశం దాదాపు లేదు. 2025 నుంచి వచ్చిన కారు లోన్ వడ్డీ మినహాయింపు ట్రెయిలర్లకు వర్తించదు.

ఉన్నది 38,000. వీసా మీద ఉన్నవాళ్లకు ఆరు నెలల ఖర్చు చేతిలో ఉండాలన్నది నా లెక్క, అది మీకు 39,000. అంటే డౌన్ పేమెంట్‌కు తీసే డబ్బు అసలు మిగులు కాదు. 1,700 కూడా ఇందులోంచి తీయకండి, రెండు మూడు జీతాల్లోంచి సర్దండి.

కారు సిద్ధమైతే ట్రెయిలర్ అద్దెకు తీసుకోవచ్చు. అందుకే ముందు కారు అన్నది. అవుట్‌డోర్సీ, ఆర్‌వీషేర్ లాంటి అద్దె సైట్లలో ఇచ్చేవాళ్లు ఏడు పిన్నుల కనెక్టర్, కంట్రోలర్ ఉన్నాయా అనే ముందు అడుగుతారు. ఈ సైజుకు రాత్రికి 110, ఫీజులు ఇన్సూరెన్స్ 35, మొత్తం 145 అనుకోండి. ఏడాదికి 14 రాత్రులైతే 2,030. సొంతానికి సెకండ్‌హ్యాండ్‌ది నగదుతో కొన్నా స్టోరేజ్ నెలకు 90 లెక్కన 1,080 (హెచ్‌ఓఏ, అంటే ఇళ్ల యజమానుల సంఘం, ఉన్న చోట సాధారణంగా డ్రైవ్‌వేలో పెట్టనివ్వరు), ఇన్సూరెన్స్ 300, రిజిస్ట్రేషన్ 45, టైర్లు, బేరింగ్ గ్రీజు, కప్పు సీలింగ్ 400, విలువ తరుగు 1,300. మొత్తం 3,125. ఏడాదికి 22 రాత్రుల కంటే తక్కువ వాడితే అద్దే చవక. పెట్రోల్ రెండింటికీ ఒకటే: 25 మైళ్లిచ్చే కారు ట్రెయిలర్‌తో 12, 13 ఇస్తుంది, 3,000 మైళ్లకు గ్యాలన్ 3 డాలర్ల చొప్పున అదనంగా 360.

రెండు సీజన్లు అద్దెకు తిప్పి రాత్రులు లెక్కపెట్టండి. 22 దాటుతుంటే నెలకు 600 చొప్పున దాచి, రెండేళ్లకు 14,400తో నాలుగైదేళ్ల వయసున్నది కొనండి. అప్పుడు చూడాల్సింది టైర్ మీద డాట్ కోడ్ చివరి నాలుగు అంకెలు: 2321 అంటే 2021లో 23వ వారం. ఐదారేళ్లు దాటితే గీతలెంత బాగున్నా మార్పించాల్సిందే. కప్పు మూలల్లో లోపలి నుంచి బొటనవేలితో నొక్కండి, మెత్తగా దిగితే నీరు దిగినట్టు. అలాంటిది సగం ధరకిచ్చినా వద్దు.

అమ్మానాన్నల సంగతి. ఇద్దరూ కలిపి 280 పౌండ్లు అనుకుంటే 1,148 కాస్తా 1,428 అవుతుంది. వాళ్ల సూట్‌కేసులూ ఆవకాయ జాడీ ఎక్కకముందే తలుపు మీది అంకెను 18 పౌండ్లు దాటేశారు. ట్రెయిలర్‌లో పడకలూ నలుగురికే. వాళ్లున్న నెలల్లో ట్రెయిలర్ తీయకండి. స్టేట్ పార్క్‌లో క్యాబిన్ కొన్ని నెలల ముందే బుక్ చేసుకుని ఆరుగురూ హైలాండర్‌లో వెళ్లండి. ట్రెయిలర్ లేకుంటే ఆ బరువు 960 పౌండ్లు దాటదు.