ఎంబీఏకు ముందు ఏ ఆర్థిక భావనలు నేర్చుకోవాలి? ఐసు ఫ్యాక్టరీ లెక్కల నుంచి ఒక జవాబు

మీరు బీఎస్సీ పూర్తిచేసి విశాఖలోనే ఎంబీఏలో చేరబోతున్నారనీ, కామర్స్ చదవలేదు కాబట్టి ముందుగా ఏ ఆర్థిక భావనలు నేర్చుకోవాలో చెప్పమనీ అడిగారు. ఎంబీఏకు ముందు నేను ఫిషింగ్ హార్బర్ దగ్గర ఒక ఐసు ఫ్యాక్టరీలో లెక్కలు రాసేవాణ్ణి. ఆ అనుభవంతో చెబుతున్నాను: నిర్వచనాల జాబితా జోలికి పోకుండా ముందు ఖర్చును పట్టుకోండి. ఏ నిర్ణయానికి ఏ ఖర్చు లెక్కలోకి వస్తుందో, ఏది రాదో తేల్చుకోవడం అలవాటైతే మేనేజీరియల్ ఎకనామిక్స్, కాస్ట్ అకౌంటింగ్, ఫైనాన్స్ మూడింటికీ పునాది పడుతుంది.

ఐసుకు ముడిసరుకు నీరే కనుక ఖర్చులో పెద్ద వాటా కరెంటుది. హైటెన్షన్ కనెక్షన్‌కు మన విద్యుత్ పంపిణీ సంస్థ ఈపీడీసీఎల్ ఇచ్చే బిల్లులో డిమాండ్ ఛార్జీ (ఒకేసారి గరిష్ఠంగా ఎంత విద్యుత్ లాగుతామో దానికి కట్టేది) వేరుగా, వాడిన యూనిట్ల ఛార్జీ వేరుగా ఉంటాయి. కంప్రెసర్లు ఆ నెల పెద్దగా తిరగకపోయినా, ముందు ఒప్పుకున్న డిమాండులో కనీసం 80 శాతానికి డిమాండ్ ఛార్జీ కట్టి తీరాలి. యూనిట్ల ఛార్జీ మాత్రం గడ్డకట్టిన దిమ్మలను బట్టి పెరుగుతుంది, తగ్గుతుంది. స్థిర వ్యయం, చర వ్యయం అని పుస్తకాలు చెప్పేది ఆ ఒక్క కాగితం మీదే కనిపిస్తుంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో 61 రోజుల వేట నిషేధం ఉంటుంది కదా, అప్పుడు మరబోట్లు జెట్టీ దగ్గరే ఉండిపోయి ఐసు కొనేవాళ్లు తగ్గిపోతారు. డిమాండ్ ఛార్జీ, జీతాలు, బ్యాంకు వడ్డీ మాత్రం ఆగవు.

తేలిక అంకెలతో ఒక లెక్క వేద్దాం. నెలకు స్థిర వ్యయం 6 లక్షలు, ఒక్కో దిమ్మకు చర వ్యయం 40 రూపాయలు, అమ్మకం ధర 70 రూపాయలు అనుకోండి. దిమ్మకు మిగిలే 30 రూపాయలే కాంట్రిబ్యూషన్. 20,000 దిమ్మలు అమ్మితే లాభనష్టాలు లేని బ్రేక్ ఈవెన్. నిషేధ కాలంలో అమ్మకం 12,000కు పడిపోతే, స్థిర వ్యయం దిమ్మకు 50 రూపాయల చొప్పున పడి మొత్తం ఖర్చు 90 రూపాయలకు చేరుతుంది. అప్పుడు ఎండల్లో కాంక్రీటు వేడెక్కకుండా ఐసు కలుపుకునే రెడీమిక్స్ ప్లాంటు ఒకటి దిమ్మ 60 రూపాయలకు 3,000 దిమ్మలు అడిగిందనుకోండి. 90 రూపాయలు పడే సరుకును 60కి ఎలా ఇస్తామని తిప్పి పంపేస్తే, ఆ నెల నష్టంలో 60,000 రూపాయలు తగ్గించుకునే అవకాశం పోయినట్టే, ఎందుకంటే ఆ ఆర్డరు వల్ల కొత్తగా అయ్యే ఖర్చు దిమ్మకు 40 రూపాయలే. అదే ఉపాంత వ్యయం. అయితే ఈ లెక్క ఇంతటితో ముగియదు. ఆ ధర సంగతి పాత కొనుగోలుదారుల చెవిన పడి అందరూ 60కే అడిగితే 12,000 దిమ్మల మీద 1,20,000 రూపాయలు పోతాయి. ఈ రెండో సగం విడిచిపెట్టి ఉపాంత వ్యయం నేర్పడం ప్రమాదమని నా గట్టి నమ్మకం.

అవకాశ వ్యయం ఖాతా పుస్తకంలో కనిపించదు. ఫ్యాక్టరీ సొంత స్థలంలో ఉంటే అద్దె రాయరు, కానీ ఆ స్థలాన్ని గోదాముకు ఇస్తే వచ్చే అద్దెను యజమాని వదులుకుంటున్నట్టే లెక్క. పాత కంప్రెసర్ మరమ్మతుకు నిరుడు పోసిన డబ్బు మాత్రం తిరిగిరాని ఖర్చు. కొత్తది కొనాలా వద్దా అన్న నిర్ణయంలో దానికి చోటు లేదు.

స్థిర, చర వ్యయాల లెక్కనే పెద్ద ఎత్తున చూడాలంటే ఏడాదికి 73 లక్షల టన్నుల సామర్థ్యమున్న మన స్టీల్ ప్లాంటు ఉంది. దానికి సొంత ఇనుప గనులు లేవు, కాబట్టి ఖనిజాన్ని మార్కెట్ ధరకు కొనాలి. గనులున్న పోటీదారులతో పోలిస్తే టన్నుకు చర వ్యయం ఎక్కువ, కాంట్రిబ్యూషన్ తక్కువ. ఉక్కు ధర పడిపోయినంత మాత్రాన అంతా ఆపేయడం కూడా కుదరదు: కోక్ ఓవెన్లు చల్లారితే లోపలి ఇటుకలు బీటలు వారతాయి, అంటే ఆపడానికీ ఒక ఖర్చుంది. ధర చర వ్యయం కంటే పైన ఉన్నంతకాలం నష్టంలోనైనా నడపడమే మేలన్న పాఠం ఇక్కడ మరింత బలంగా వర్తిస్తుంది.

డిమాండ్, సప్లయిల కోసం తెల్లవారుజామున హార్బర్‌లో చేపల వేలం చూడండి. ఒడ్డుకు చేరిన సరుకును ఆ పూట పెంచలేరు, ఎక్కువసేపు ఉంచలేరు కూడా, అందుకే ధర మొత్తాన్ని కొనేవాళ్లే నడుపుతారు. ఐసు సంగతి వేరు. వేటకు వెళ్లే బోటుకు అది లేకపోతే పట్టిన చేప పాడైపోతుంది, పైగా మొత్తం ఖర్చులో డీజిల్ ముందు ఐసు వాటా చిన్నది. కాబట్టి నాలుగు రూపాయలు పెంచినా కొనడం పెద్దగా తగ్గదు. డిమాండ్ వ్యాకోచత్వం తక్కువంటే ఇదే.

లాభానికీ నగదుకూ ఉన్న తేడాను మాత్రం కాలేజీలో అడుగుపెట్టే ముందే నేర్చుకోండి. బోటు యజమానులు ఐసు అప్పు మీద తీసుకుని వేట బాగుంటే కట్టేవారు. అమ్మిన రోజే లాభం పుస్తకంలోకి ఎక్కేది, కరెంటు బిల్లు గడువుకు మాత్రం చేతిలో డబ్బుండేది కాదు. లాభంలో ఉన్న వ్యాపారాలు మూతపడటానికి వర్కింగ్ క్యాపిటల్, అంటే రోజువారీ ఖర్చులు నడపడానికి కావలసిన డబ్బు, చాలకపోవడం ఒక ముఖ్య కారణం.

జీడీపీ, రెపో రేటు, ద్రవ్యోల్బణం వంటివి పత్రిక చదువుతూ ఉంటే పట్టుబడతాయి. ద్రవ్యోల్బణానికి రిజర్వ్ బ్యాంకు లక్ష్యం 4 శాతమనీ, అటూ ఇటూ 2 శాతం వెసులుబాటు ఉందనీ తెలిస్తే మొదటి సెమిస్టరుకు చాలు. ఆ సమయాన్ని రెండు వార్షిక నివేదికలకు కేటాయించండి: ఒకటి ఇక్కడి నుంచే పనిచేసే డ్రెడ్జింగ్ కార్పొరేషన్‌ది, రెండోది రొయ్యల మేత తయారుచేసే అవంతి ఫీడ్స్‌ది. మొదటిదానిలో ఓడల మీద తరుగుదల (వాడకంతో తగ్గే విలువను ఏటా ఖర్చుగా రాసేది), రెండోదానిలో ముడిసరుకు ఖర్చు చూసి, అమ్మకాలు పదో వంతు తగ్గితే ఏ సంస్థ లాభం ఎక్కువగా దెబ్బతింటుందో మీరే లెక్క వేయండి. ఆ లెక్క ఇక్కడ రాస్తే నేను తప్పకుండా చూసి చెబుతాను.