నాన్ రిఫండబుల్ టికెట్ కొన్నాక విమానం రద్దయితే డబ్బు వెనక్కి వస్తుందా?

వస్తుంది: విమానాన్ని ఎయిర్‌లైన్సే రద్దు చేస్తే ఎలాంటి టికెట్ అయినా కట్టిన డబ్బు మొత్తం వెనక్కి అడగొచ్చు, లేదా మరో విమానంలో సీటు తీసుకోవచ్చు. ఏది కావాలో చెప్పాల్సింది ప్రయాణికుడే, ఇది దేశంలో విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ నిబంధన. నాన్ రిఫండబుల్ అన్న షరతు మనంతట మనం ప్రయాణం మానుకున్నప్పుడు వర్తించేది.

జనవరిలో గన్నవరంలో పొగమంచు కమ్మి ఢిల్లీ విమానం రద్దయిందనుకోండి. టికెట్ డబ్బు రావాల్సిందే. నష్టపరిహారం మాత్రం రాదు, వాతావరణం సంస్థ చేతిలో లేదు కాబట్టి. అదే విమానం సంస్థ సొంత కారణాలతో, ముందుగా చెప్పకుండా రద్దయితే రిఫండ్‌తో పాటు పరిహారం కూడా ఉంటుంది. ప్రయాణ సమయం 2 గంటలు దాటుతుంది గనక 10,000 రూపాయలు, లేదా ఒకవైపు బేసిక్ ఛార్జీ, ఫ్యూయల్ ఛార్జీ కలిపిన మొత్తం, ఈ రెండింటిలో తక్కువది. బుకింగ్‌లో మీ ఫోన్ నంబరు సరిగ్గా లేకపోతే ఈ పరిహారం పోతుంది. ఏజెంట్ తన నంబరు ఇచ్చాడేమో తప్పక చూసుకోండి.

చాలామంది నష్టపోయేది ఇక్కడే: రద్దు మెసేజ్ రాగానే కంగారుపడి యాప్‌లో తామే 'క్యాన్సిల్' నొక్కేస్తారు. అప్పుడది మీరు మానుకున్న ప్రయాణం కింద లెక్కకొచ్చి ఛార్జీలు కోసేస్తారు. సంస్థ పంపిన లింకులోనే రిఫండ్ ఎంచుకోండి. క్రెడిట్ కార్డుతో కట్టి ఉంటే 7 రోజుల్లో జమ కావాలి. డబ్బుకు బదులు క్రెడిట్ షెల్ (అదే సంస్థలో తర్వాతి టికెట్‌కు వాడుకునే జమ) ఇస్తామంటే ఒప్పుకోవాలన్న నియమం లేదు. గుంటూరులో ఏజెంట్ దగ్గర కొన్నా రిఫండ్ బాధ్యత ఎయిర్‌లైన్స్‌దే. స్పందన లేకపోతే పౌర విమానయాన శాఖ ఫిర్యాదుల వెబ్‌సైట్ ఎయిర్‌సేవ పోర్టల్‌లో పీఎన్ఆర్‌తో, రద్దు మెసేజ్ స్క్రీన్‌షాట్‌తో ఫిర్యాదు పెట్టండి.