టీనేజీ సీరియళ్ళు హానికరమైన అలవాట్లకు అందాన్ని తగిలిస్తున్నాయా? ‘యుఫోరియా’తో మా ఇంటి అనుభవం

టీనేజర్ల మీద వచ్చే అమెరికన్ సీరియళ్ళు మత్తుమందులకూ స్వీయహానికీ లేనిపోని అందాన్ని తగిలిస్తున్నాయా అని అడిగారు. తగిలిస్తున్నాయనే నా అభిప్రాయం. కాకపోతే ఆ పని చేసేది చాలావరకు కథ కాదు, కెమెరా. టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఇద్దరు పిల్లలను పెంచుతున్న తల్లిగా, 2022లో మా ఇంట్లో జరిగినదాన్ని బట్టి ఈ మాట అంటున్నాను.

ఆ ఏడాది మా అమ్మాయికి పదిహేనేళ్ళు. స్కూల్లో డాన్స్ కార్యక్రమానికి వెళ్తూ కళ్ళ కింద మెరుపు చుక్కలు అంటించుకుని వచ్చింది. బాగుందనే అన్నాను. అది హెచ్‌బీఓ వారి ‘యుఫోరియా’ పాత్రల అలంకరణ అనీ, పదిహేడేళ్ళ లోపు వారికి తగదన్న గుర్తు ఉన్న ఆ సీరియల్‌ను మా అకౌంటులోనే చూస్తోందనీ తరువాత తెలిసింది. కేకలు వేయబోయి ఆగాను, ఎందుకంటే నేను అప్పటికి దాన్ని ఒక్క నిమిషం కూడా చూడలేదు. ఆ వారాంతం నుంచి ఇద్దరమూ కలిసి మొదటి ఎపిసోడ్ నుంచి చూశాం.

2019లో మొదలైన ఈ కథలో రూ అనే అమ్మాయి వ్యసన చికిత్సా కేంద్రం నుంచి ఇంటికి వచ్చి మళ్ళీ మత్తు వైపే వెళ్తుంది. రచయిత, దర్శకుడు శామ్ లెవిన్సన్ తన చిన్ననాటి వ్యసనాన్నే ఇందుకు ఆధారం చేసుకున్నారు. రెండో సీజన్ అయిదో ఎపిసోడ్‌లో రూ తల్లి మీద విరుచుకుపడి, పోలీసులకు దొరక్కుండా వీధుల వెంట పరుగులు తీస్తుంటే మా అమ్మాయి నా చెయ్యి వదల్లేదు. ఆ ఎపిసోడ్‌ను చూసి వ్యసనాన్ని కీర్తిస్తున్నారని నేనైతే అనలేను. 2022 జనవరిలో డేర్ అనే మాదకద్రవ్య నిరోధక విద్యా సంస్థ సరిగ్గా ఆ ఆరోపణే చేసింది. రూ పాత్రధారి జెండేయా మాత్రం తమది నీతిపాఠం కాదని తరువాత సమాధానమిచ్చారు.

అయితే మా అమ్మాయి మొదట చూసింది సీరియల్‌ను కాదు, ఫోన్‌లో తిరిగే దాని ముప్పై సెకన్ల ముక్కలను. వాటిలో ఊదారంగు వెలుగు, పాట, మెరిసే కన్నీళ్ళు ఉంటాయి. ఆ పరుగు, ఆ తల్లి ముఖం ఉండవు. పైగా హైస్కూలు పిల్లలుగా కనిపించేవారిలో చాలామంది ఇరవై దాటినవారే (మొదటి సీజన్ నాటికి జెండేయాకు 22 ఏళ్ళు). “అమ్మా, మా క్లాసులో ఎవరూ అలా ఉండరు, నేనూ ఉండను” అని ఒకరోజు అన్నప్పుడు, కొన్ని వారాలుగా లంచ్ బాక్సు సగం మిగిలిపోయి ఎందుకు వస్తోందో నాకు అర్థమైంది. నేను మత్తుమందుల ప్రభావం కోసం వెతుకుతుంటే, దెబ్బ మరోచోట తగిలింది.

ఇందులో మనకు తెలియని వింత ఏమీ లేదు. రాజమండ్రిలో మా తమ్ముడు బలపాన్ని ఎగరేసి పెదవులతో పట్టుకోవడం నేర్చుకున్నది సినిమా హీరో సిగరెట్టును అలా పట్టుకోవడం చూసే. ఇప్పుడు అలాంటి సన్నివేశం వస్తే తెర మూలన హెచ్చరిక పడుతుంది, కానీ పిల్లవాడి కళ్ళు మూలన ఉండవు కదా.

కలిసి కూర్చుంటే సరిపోతుందని అన్నిటి గురించీ చెప్పను. 2017లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన ‘13 రీజన్స్ వై’ మొదటి సీజన్‌లో ఒక విద్యార్థిని ఆత్మహత్యను వివరంగా చూపారు. అది విడుదలైన మరుసటి నెలలో అమెరికాలో 10–17 ఏళ్ళవారి ఆత్మహత్యల రేటు దాదాపు 29 శాతం పెరిగిందని 2019లో ఒక అధ్యయనం చెప్పింది. అప్పటికే పెరుగుతూ వస్తున్న ధోరణిని లెక్కలోకి తీసుకున్న మరో పరిశోధకుడు ఆ నిర్ధారణను ప్రశ్నించారు. ఆ వాదన ఎటు తేలినా, నిపుణుల సలహా మేరకు 2019 జులైలో నెట్‌ఫ్లిక్స్ ఆ దృశ్యాన్ని తొలగించింది. మా అమ్మాయి దాన్ని కూడా కలిసి చూద్దామని అడిగినప్పుడు, ఆ దృశ్యం ఇప్పుడు లేదని తెలిసినా, నేను ఒప్పుకోలేదు. తను రెండు రోజులు నాతో మాట్లాడలేదు.